పూటకో చెంబు

సుశీల ముప్పయ్యేళ్లు దవాఖానలో కట్లు కట్టిన మనిషి. పచ్చిపుండు మీద నీళ్లు పడితే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ముళ్ల జెముడు కొమ్మనూ ఆమె పుండును చూసినట్టే చూసేది. కోసిన కొమ్మ వారం రోజులు నీడన ఆరాలి, కోసిన చోట పక్కు కట్టాలి, ఆ తర్వాతే ఇసుకలో గుచ్చాలి. వేరు పట్టేదాకా నీళ్లు చూపించకూడదు.

కాజీపేటలో ఆమె ఇంటి ముందున్న జెముడు భర్త సాల్మన్ పెట్టింది. ధర్మసాగర్ కట్ట మీద దొరికిన వేలెడు ముక్కను టిఫిన్ డబ్బాలో వేసుకొచ్చాడు. ఆయన పోయి మూడేళ్లయినా ఈస్టర్ నాటికి అది ఎర్రగా పూస్తూనే ఉంది. పూలున్న ఆ మూడు రోజులూ ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండేది సుశీలకు.

వానల్లో చెల్లెలింటికి పోయి పదిరోజులకు వచ్చేసరికి కుండీలో కుళ్లిన మోడు మిగిలింది. కొమ్మలు మూడూ పక్కింటి ప్రేమలత వరండాలో, కొత్త కుండీలో నిలబడి ఉన్నాయి.

“దొంగతనంగ తెచ్చిన చెట్టే మంచిగ బతుకుతదట అక్కా,” అని ప్రేమలత నవ్వింది, సిగ్గన్నది లేకుండా.

“ఒక్క కొమ్మ ఇయ్యమ్మా. అది మా ఆయన చెట్టు.”

“పెట్టిన చెట్టు పీకితే ఇంటికి మంచిది కాదట. ఏమనుకోకు. నీళ్లెట్ల పొయ్యాల్నో జర చెప్పు.”

సుశీల మాటకు తేనె పూసింది.

“పొద్దున చెంబెడు, మాపు చెంబెడు. పసిపిల్ల లెక్క సాదుకో.”

ఆదివారం చర్చిలో శత్రువును క్షమించమన్నారు. అందరితోపాటు సుశీలా ఆమెన్ అంది. ఇంటికొచ్చి, గోడ మీంచి తొంగి కుండీలో తడి చూసి సంతోషించింది. కుళ్లు కిందినుంచి పైకి పాకుతుంది. చివరిదాకా పాకకముందే ప్రేమలతకు విసుగు పుట్టాలి. ఒక్కరోజు ఆలస్యమైతే సాల్మన్ చెట్టు ఇక ఉండదు. ఆ భయమున్నా చెప్పిన మాట మార్చలేదు.

తొమ్మిదో రోజు ప్రేమలత మూడింటినీ గేటు పక్కన చెత్తబుట్టలో పడేసి, “మంచి జాతి కాదక్కా,” అని నేరం చెట్టు మీదికే తోసింది.

ఆమె లోపలికి పోగానే సుశీల వాటిని ఏరుకొచ్చింది. రెండు పట్టుకోగానే చితికిపోయాయి. మూడోదాన్ని కుళ్లు పోయేదాకా కోస్తూ పోతే చివరికి బొటనవేలంత పచ్చగా మిగిలింది. దాన్ని బీరువా మీద ఆరబెట్టింది.

రెండు ఈస్టర్లు గడిచాక అది పూసింది. సుశీల కుండీని ప్రేమలత గుమ్మానికి సరిగ్గా ఎదురుగా పెట్టింది.

“ఇదెక్కడిదక్కా?”

“మీ చెత్తబుట్టలకెల్లి దొంగతనం చేసిన. దొంగ చెట్టే బతుకుతదని నువ్వే అంటివి గద.”

ప్రేమలత ముఖం మాడిపోయింది. “మరి నా దగ్గరెందుకు సచ్చింది? నువ్వు చెప్పినట్టు రెండు పూటలా నీళ్లు పోసిన గద!”

“పోసినవ్ తల్లీ,” అంది సుశీల. “రోజూ గోడ మీదికెల్లి చూస్తనే ఉన్న.”