వేరే గ్లాసు, వేరే సూది

మిరప కల్లాల దగ్గరికి మా బండి చేరేసరికి ఉదయం ఏడు. ఎండ అప్పటికే కాస్తోంది. గాలి లేదు. కనుచూపు మేర ఆరబోసిన కాయలే. ఆ ఎరుపు చూసి విమానాలు సిగ్నల్ పడిందనుకుని ఆకాశంలో ఆగిపోతాయని డ్రైవర్‌తో చెప్పాను. నమ్మాడు. మాజీ హవల్దారు మాటకు ఆ విలువ ఉంది.

కరోనా రెండో వేసవి అది. పొన్నూరులో పెన్షన్ తింటూ కూర్చున్న నన్ను, టీకా బండి వెంట వెళ్లి వరుసలు నిలబెట్టమన్నారు. సామాను: రెండు ఐసు పెట్టెలు, టార్పాలిన్, మడత కుర్చీలు. దళం: డాక్టరమ్మ, నర్సు, డ్రైవర్, నేను. మంచుకొండల్లో కూడా కారని నా ముక్కు ఆ ఘాటుకి కాలవైంది.

ఆర్డరు స్పష్టం. నీలం పెట్టెలోది ఊరి రైతులకు, రెండో డోసు మూడు నెలలకు. తెల్ల పెట్టెలోది కోతకొచ్చిన కూలీలకు, రెండో డోసు నెలకే. రెండూ మంచివే. నెలన్నరలో కోతలైపోయి కూలీలు నల్లమల అవతలికి వెళ్లిపోతారు. ఆలోగా వాళ్లకు రెండు డోసులూ పడాలి.

రెండు వరుసలు పెట్టాను. కూలీల ముందు నిలబడ్డది జట్టు పెద్ద మరియమ్మ. రెండు పెట్టెల వంకా చూసింది. చెయ్యి చాపలేదు.

"వాళ్లకదీ, మాకిదీ ఎందుకండి?"

డాక్టరమ్మ నెలల లెక్క వేళ్ల మీద చూపించింది. మరియమ్మ ఓపిగ్గా విన్నది.

"హోటల్లో వేరే గ్లాసు పెట్టినప్పుడూ మా మంచికేనన్నారండి. వేరే సూది మాకొద్దు."

ఆ జట్టుకో ఆచారం ఉందట. కోత మొదలయ్యే రోజు రైతు తన బిందెలో నీళ్లు ముందు తాను తాగి, అదే గ్లాసుతో జట్టు పెద్దకివ్వాలి. లేదంటే కాయ తుంచరు.

జట్టంతా నేలమీద కూర్చుండిపోయింది. అవతల రైతుల వరుసలో ఇంకో గోల.

"ఏం హవల్దారూ, నెలలో తేలిపోయేది వాళ్లకి దాచి, మాకీ మూణ్ణెల్ల సరుకా?"

డాక్టరమ్మ పైవాళ్లకు ఫోన్ చేసింది. ముందు ఏదో ఒక సూది పడనివ్వండి, అడిగిందే వేయండి అన్నారట. ఆమె నా వంక చూసింది. పటాలంలో కల్నలుకీ వంటవాడికీ ఒకే సూది అన్నాను. నా నోట అరుదుగా వచ్చే నిజమది.

జట్టంతా నీలం పెట్టెలోదే వేయించుకుంది. మరియమ్మ, ఆ జట్టుకు పనిచ్చిన రైతు పక్కపక్కన కుర్చీల్లో అరగంట కూర్చున్నారు. ఆయన తాను తాగిన గ్లాసు అందించాడు. ఆమె తాగింది. గెలిచామనుకున్నాను.

కోతలైపోయిన రోజే మా డ్యూటీ కూడా ముగిసింది. జట్టు లారీ ఎక్కింది. రెండో డోసుకు ఇంకా సగం గడువుంది. కొండల అవతల ఆ రకం దొరుకుతుందా అంటే డాక్టరమ్మ చెప్పలేకపోయింది. నీలందాని మీద తెల్లది వేయకూడదంది.

డాక్టరమ్మది న్యాయమా, మరియమ్మదా? నన్నడక్కండి. లేని యుద్ధాలకు కూడా కథ కట్టినవాణ్ని, దీనికొక్క అబద్ధమైనా తోచలేదు.

లారీ కదిలాక మరియమ్మ వెనక తలుపు మీంచి వంగింది.

"రెండోది ఎక్కడేస్తారు సారూ?"

రవిక చెయ్యి పైకి మడిచి ఉంది. ఆ రోజు తెల్ల పెట్టెకు చాపని చెయ్యి, కారానికి వేళ్లు కందిపోయిన చెయ్యి, లారీ మలుపు తిరిగేదాకా మా వైపే చాపి ఉంది.