బాపు చేతి పొద్దటి తిండి

తొర్రూరులో మా ఇంట్లో పొద్దున్నే సర్వపిండి కాలుతుంటే, బియ్యప్పిండిలో కలిపిన నువ్వులూ ఎల్లిగడ్డా వేడెక్కి ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. నా పిల్లలిద్దరూ ముక్కు మూసుకుంటారు. "మమ్మీ, మల్ల గిదేనా?" అంటుంది పెద్దది. నిన్న ఉప్మా వద్దన్నారు, మొన్న ఇడ్లీ వద్దన్నారు. బడి బస్సు వచ్చేలోపు ఇంకేం చేసి పెట్టాలా అని ఫోన్‌లో కొత్త టిఫిన్లు వెతుకుతూ నిలబడ్డప్పుడల్లా నాకు బాపు గుర్తుకొస్తాడు. పిల్లలకు కొత్తగా ఏం పెట్టాలా అని అంతగా తల్లడిల్లిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. కేసముద్రం మార్కెట్ యార్డులో బాపు హమాలీ. మిర్చి బస్తాలు మోసి ఇంటికొస్తే ఆయన చొక్కా ఘాటుకు అందరం తుమ్ముతూ నవ్వేవాళ్ళం. పొద్దటి తిండి మాత్రం పూర్తిగా అవ్వ రాజ్యం. వానాకాలం నిప్పుల మీద చిటపటలాడే మక్కకంకులు, చలికాలం ఎండుమిర్చి, ఉల్లిగడ్డల తాలింపుతో పొగలు కక్కే ఉడికించిన బబ్బెర గింజల గుడాలు, ఎండాకాలం రాత్రన్నంలో చల్ల పోసి పక్కన మామిడికాయ తొక్కు, బతుకమ్మ మరునాడు మిగిలిన నువ్వుల సత్తుముద్దలు. తమ్ముడు సాంబడు ఆమె ఒడిలో కూర్చుని ముద్దముద్దకూ "వద్దు" అనేవాడు. వాడికి అదొక ఆట. కాకికి పెడతానని అవ్వ చెయ్యి ఎత్తగానే ఆత్రంగా నోరు తెరిచేవాడు.

నాకు ఎనిమిదేళ్ళు, వాడికి నాలుగేళ్ళు ఉన్నప్పుడు, పత్తి ఏరే రోజుల్లో అవ్వకు జ్వరం పట్టుకుంది. కళ్ళు పసుపుపచ్చగా మారాక వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణంతో తిరిగి రాలేదు. అంతా అయిపోయేదాకా సాంబడిని పక్కింటి ఎల్లమ్మత్త తన ఇంట్లోనే ఉంచుకుంది. అవ్వ ఇంకా దవాఖానలోనే ఉందని బాపు వాడికి చెప్పాడు. నన్నూ నోరు విప్పొద్దన్నాడు.

ఇంటికొచ్చిన వాడు తినడం మానేశాడు. చాయలో ముంచిన బన్ను తప్ప ఏదీ లోపలికి పోయేది కాదు. పక్కటెముకలు బయటపడుతుంటే చూసి ఎల్లమ్మత్త, "పోరనికి జర కొత్తది ఏదన్న చేసి పెట్టు తమ్మీ. పాతయి చూస్తే అవ్వ యాదికొస్తాంది," అంది. అప్పటిదాకా పొయ్యి ముట్టించడం కూడా రాని బాపు, యార్డులో మిర్చి ఏరే ఆడవాళ్ళనూ బస్టాండు దగ్గరి హోటలు ఆమెనూ అడిగి అడిగి, తెల్లవారకముందే లేచి రోజుకొకటి మొదలుపెట్టేవాడు. ఆయన ఉప్మా రాయిలా గడ్డకట్టేది. దోశ పెనానికి అతుక్కుంటే ఆ ముక్కలు గీకి, బెల్లంలో ముద్దగా చుట్టి లడ్డూలన్నాడు. జొన్నరొట్టెను చందమామలాగా, పిట్టలాగా తుంపి పళ్ళెంలో పేర్చాడు. నేను తినేదాన్ని. సాంబడు పెదవులు బిగించుకుని వాకిలి వైపే చూసేవాడు.

ఒకరోజు గోధుమపిండిలో బెల్లం కలిపి అట్టు పోశాడు. ఒక పక్క మాడింది. బాగున్న వైపు ముక్క తుంపి వాడి నోటి దగ్గర పెట్టాడు.

"ఒక్కటి తిను బిడ్డా."

"అవ్వ వచ్చినంక తింట."

"తియ్యగుంటది, జర చూడు."

"అవ్వ ఎప్పుడొస్తది?"

బాపు ముక్కను వెనక్కి తీసుకున్నాడు. "రాదు బిడ్డా. అవ్వ ఇగ రాదు. సచ్చిపోయింది," అన్నాడు. ఆ మాట అన్నాక, అవ్వను కాటికి సాగనంపిన నాడు కూడా కంటతడి పెట్టని ఆ మనిషి పొయ్యి ముందు కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. సాంబడు దగ్గరికి వచ్చి, బాపు వేళ్ళ మధ్య ఉన్న ముక్కను తానే తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మిగిలిన మాడు ముక్కలు కూడా ఒకదాని మీద ఒకటి కుక్కుకున్నాడు. బుగ్గలు ఉబ్బి, మింగుడు పడక, వాడి కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి.

"ఏడ్వకు బాపు. తింటాన, చూడు."

ఆ పొద్దు తర్వాత వాడు దేన్నీ వద్దనలేదు. ఉప్పెక్కువైనా, ఉడకకపోయినా పళ్ళెం ఖాళీ చేసేవాడు. మొదట్లో మేం సంబరపడ్డాం. కొన్నాళ్ళకు అదే బాపును తొలిచేసింది. "ఒక్కపారన్న వద్దనురా. అలుగురా," అని బతిమాలేవాడు. "మంచిగున్నది బాపు," అని వాడు నవ్వేవాడు. వాడి చిన్నతనం ఆ పొయ్యి ముందే ముగిసిందని బాపుకు తెలుసు.

నిరుడు వానల్లో బాపు పోయాడు. యార్డు వెనక మా రేకుల ఇల్లు ఉన్నచోట ఇప్పుడు లారీలు ఆగుతున్నాయి. అవ్వ ఫొటో ఒక్కటి కూడా మిగల్లేదు. ఆమె ముఖం నా ఒక్కదాని జ్ఞాపకంలోనే ఉంది, అదీ ఏటేటా మసకబారుతోంది. సాంబడు భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి పోతున్నాడు. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు, పొద్దున ఏం చేయమంటావురా అంటే, "ఏదైనా సరే అక్కా," అన్నాడు. వాడి పక్కన కూర్చుని, ఇన్నేళ్ళూ అడగడానికి భయపడ్డ మాట అడిగాను.

"అవ్వ నీకు యాదికున్నదారా?"

"లేదక్కా. బాపు ఏడ్సుడు ఒక్కటే యాదికున్నది."