డ్రమ్ము కింద అట్టముక్క

ఆ అట్టముక్క గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

సిద్దిపేటలో మా ఇంటి వరండా బండలు, కడిగిన నీళ్లు మోరీలోకి పోయేలా వాలుగా పరిచినవి. వాటి మీద బోర్లించిన నీళ్ల డ్రమ్ము, దాని మీద మా క్యారమ్ బోర్డు. అదీ మోరీ వైపే వంగి ఉండేది. ఏళ్ల తరబడి సాయంత్రాలు అక్కా నేనూ అక్కడే ఆడాం. ఆ వాలుకు నా చెయ్యి ఎంతగా అలవాటు పడిందంటే, గురి మోరీ నుంచి కాస్త అవతలికి పెట్టి తనే కొట్టేది. నేను హాయిగా రాత్రి కూర గురించి ఆలోచించుకునేవాణ్ణి.

ఆ ఏడు కాలనీలో గణపతి మండపం దగ్గర జోడీల పోటీ పెట్టారు. అక్కకు ఎలాగైనా గెలవాలని పట్టుదల. నేను ఆమె జోడీ.

సరిగ్గా అప్పుడే నా ఆట పాడైంది. రోజూ పడే కాయిన్లు పాకెట్ అంచుకు తగిలి వెనక్కొచ్చేవి. పౌడర్ ఎక్కువైందన్నాను. స్ట్రైకర్ అరిగిందన్నాను. బల్బు కూడా మార్పించాను. చివరికి ఓ సాయంత్రం అక్క నవ్వు ఆపుకోలేక డ్రమ్ము కింద చూపించింది. మడిచిన అట్టముక్క! బోర్డును సమం చేసి కూర్చుంది.

"చెప్పకుంట గిదేం పనక్కా? నా ఆట ఖరాబ్ చేసినవ్!"

"నువ్వు ఆడితే గదా ఖరాబయ్యేది? ఆడేది నీ చెయ్యి. మండపం కాడి బోర్డు మన మోరీ దిక్కు వంగుతదా తమ్మీ? గిట్లనే ఆడితే పక్కింటామెను జోడీ చేసుకుంట."

పక్కింటామె! రెడ్డు వేశాక వెంటనే ఇంకో కాయిన్ వేయాలని కూడా గుర్తుండని మనిషి! మోసం అక్కది, శిక్ష నాకు. నమ్ముకున్న చెయ్యేమో నాకే చెయ్యిచ్చింది.

ఆ మంటతోనే స్ట్రైకర్ పెట్టాను. చెయ్యి మళ్లీ అవతలికే పోబోతుంటే ఆపాను. ఎన్నాళ్లకో కాయిన్ వంక చూశాను. దాని అంచు చిట్లి ఉంది, ఎప్పటినుంచో ఏమో. తిన్నగా కొట్టాను. పడింది. అక్క మెచ్చుకోలేదు సరికదా, మర్నాటి నుంచి అట్టముక్కను ఓ రోజు తీసేసేది, ఓ రోజు ఇంకో దిక్కున దోపేది. నాకు కూర గురించి ఆలోచించే తీరికే లేకుండా చేసింది.

పోటీ రోజు మండపం దగ్గర కూర్చునే ముందు వంగి బోర్డు పెట్టిన బల్ల కింద చూశాను.

"ఏం దేవులాడుతున్నవ్?"

"అట్టముక్క. నిన్ను నమ్ముతనా ఇగ?"

"నమ్మకు. గట్లనే ఉండు," అని అక్క వచ్చి జోడీగా నా ఎదుట కూర్చుంది.