ఎండలో టెస్టరు వెలుగు

మా ఆయన పోయింది మిట్టమధ్యాహ్నం, మా మిరప చేలో, మోటారు స్టార్టరు పెట్టె ముందు. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. కింద చెక్క వేసుకున్నాడు. చేతిలో టెస్టరు ఉంది. జాగ్రత్త లేని మనిషి కాదు. మెయిను దించాడు కానీ మూడు ఫేజు తీగల్లో ఒకదానికి కరెంటు ఆగలేదట. టెస్టరు పెట్టి చూశాడు, వెలగలేదనుకున్నాడు. ఒక చెయ్యి ఇనప పెట్టెకు ఆనించి, ఇంకో చేత్తో వైరు పట్టుకున్నాడు. అంతే.

ఊళ్లో అందరూ రాత అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పెద్దకర్మ అయ్యాక, నరసరావుపేటలో మోటార్లు బాగుచేసే మేస్త్రీ వచ్చాడు. గట్టు మీద పడి ఉన్న ఆ టెస్టరే తీసి కరెంటున్న వైరుకు ఆనించాడు.

"ఇట్రా అమ్మా, చూడు."

అరచెయ్యి అడ్డం పెట్టాడు. లోపల మిరపగింజంత ఎర్రటి వెలుగు. చెయ్యి తీశాడు. ఎండలో ఏమీ లేదు.

"చెక్క మీద నిలబడితే ఇంకా సన్నగిల్లిద్ది. ఎలగలేదంటే కరెంటు లేదని కాదమ్మా. ముందు కరెంటు ఉందని తెలిసినకాడ పెట్టి, ఇది పనిచేస్తందా లేదా చూసుకోవాలి. అప్పుడే దీన్ని నమ్మాలి."

ఇన్నేళ్లు ఆ టెస్టరును కలంలాగా జేబులో పెట్టుకుని తిరిగాడు. ఈ ముక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు. పోయాక నాకు చెప్పారు. నేనేం చేసుకోను?

చేను ఇప్పుడు మా అబ్బాయి చూస్తున్నాడు. నాకు మిగిలింది వాడొక్కడే. వాడికైనా ఆ గతి పట్టకూడదని గోల పెట్టి, అంకెలు చూపించే మీటరు కొనిపించాను. ఎర్ర వైరుకు రెండు బొక్కలుంటాయని, ఒకటి ఓల్టులకు, ఒకటి ఆంపియర్లకని, ఆంపియర్ల దాంట్లో ఉంచి కరెంటుకు ఆనిస్తే షార్టయి పేలుద్దని, పెట్టేముందు ప్రతిసారీ చూసుకోమని మేస్త్రీ వాడికి చెప్పాడు. వాడు తల ఊపాడు. తల ఊపడం మా మగవాళ్లకు బాగా వచ్చు.

ఒకరోజు మందుకొట్టే పంపు బ్యాటరీకి ఎక్కే ఆంపియర్లు చూసి, ఎర్ర వైరు ఆంపియర్ల బొక్కలోనే వదిలేశాడు. మర్నాడు అట్లాగే తీసుకెళ్లి స్టార్టరులో రెండు ఫేజులకు ఆనించాడు. తుపాకి పేలినట్టు పేలింది. నేను కలుపు దగ్గర్నుంచి పడుతూ లేస్తూ పరిగెత్తాను.

"ఒరేయ్, కళ్లున్నయ్యారా?"

"ఉన్నయ్‌లే. కనుబొమ్మలే పోయినయ్."

నవ్వుతున్నాడు. ముఖమంతా మసి. మీటరు వైర్ల చివర పుల్లల కొసలు కరిగిపోయి ఉన్నాయి. మేస్త్రీకి ఫోన్ చేస్తే, తప్పు మీటరుది కాదు, వైరు పెట్టిన బొక్కదన్నాడు. వాడు ఒప్పుకోలేదు.

"టెస్టరు నాయన్ని చంపింది. మీటరు నన్ను చంపబోయింది. ఇంకేం కొనమంటావే అమ్మా?"

మీటరు కొనిపించింది నేనేగా.

ఇప్పుడు వాడు ఏదీ వాడడు. చెయ్యి వెనక్కు తిప్పి, వేళ్ల వెనకవైపుతో వైరును తాకి చూస్తాడు.

"తాత ఇట్టాగే చూసేవోడు. కరెంటు ఉంటే చెయ్యి అదే ఎనక్కొచ్చిద్ది."

"మీ తాతకు మోటారు యాడుందిరా? ఎద్దుల్ని కట్టి కపిలతో నీళ్లు తోడాడు ఆయన!"

పక్క చేల వాళ్లు పకపకా నవ్వారు. వాడూ నవ్వాడు. మళ్లీ తాకాడు.

మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు వాడికి ఎన్నిసార్లు అప్పజెప్పానో. తిట్టాను. అన్నం మానేశాను. కాళ్లు పట్టుకోబోతే వాడే దూరం జరిగాడు. మొన్న మోటారు ఆగిపోతే వాడి వెనకే పెట్టెదాకా వెళ్లాను. వాడు చెయ్యి చాపి ఆగాడు.

"అవతలకి పోమ్మా. నువ్వు చూస్తంటే నా చెయ్యి ఒణుకుతంది."

వచ్చేశాను. ఇంకేం చెయ్యను? చూస్తూ నిలబడితే నా వల్లే ఆ చెయ్యి వణుకుతుందట. మిరపసాళ్ల మధ్య అటు తిరిగి కూర్చున్నాను. మోటారు చప్పుడు వినపడేదాకా తల తిప్పలేదు. వినపడింది. లేచి కాయలు కోసుకున్నాను. నిన్న మోటారు మళ్లీ ఆగింది. వాడు పెట్టె దగ్గరికి, నేను అటు తిరిగి సాళ్ల మధ్యకి.