దొండ పందిరి తీసి వేసిన జుకినీ

ఏడో తరగతిలో నేను రెండేళ్ళు కూర్చున్నాను. మూడో ఏడు కూడా కూర్చుని ఉంటే ఆ బెంచీ నా పేరున రాసిచ్చేసేవారు. అంతటి చదువరిని, కువైట్ నుంచి తెచ్చుకున్న, కీరదోసలా ఉండే జుకినీ కాయల గింజల పొట్లం మీద ఉన్నదంతా చదివేశాననుకుని సేద్యానికి దిగాను. నిజానికి నాకు అర్థమైంది ఒక్క బొమ్మే: పొట్లం మూల నవ్వుతున్న సూర్యుడు. అంటే నీడ పనికిరాదన్నమాట.

చుట్టూ కొబ్బరిచెట్లున్న మా పెరట్లో ఎండ తగిలే చోటు ఒక్కటే. అక్కడే దొండ పందిరి. నేను అరబ్బుల ఇంట్లో వంటకు వెళ్ళిన ఏడు మా ఆవిడ నాటిన తీగ అది. పద్దెనిమిదేళ్ళలో సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ కాయల వేపుడు తిని, "నీకంటే నీ దొండే నయం, నోరెత్తదు" అని వేళాకోళం ఆడి వెళ్ళిపోయేవాణ్ణి.

ఈసారి ఉండిపోవడానికే వచ్చాను. అయినా ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ "మళ్ళీ ఎప్పుడండీ ప్రయాణం?" అనే అడుగుతున్నారు. నేనూ ఈ ఇంటివాణ్ణేనని నా చేత్తో ఏదైనా పండించి చూపించాలని పంతం పట్టాను.

"దాన్ని తియ్యకండి. కోతల పండక్కి చర్చిలో బల్ల మీద పెట్టాలి" అంది మా ఆవిడ.

"దొండకాయలు ఎవడిక్కావాలే? ఈ ఏడు మన బుట్ట చూసి చర్చంతా నోరెళ్ళబెట్టకపోతే అడుగు."

ఆవిడ చెల్లెలి ఇంటికి గన్నవరం వెళ్ళిన రోజు చూసి పందిరి పీకేశాను. మళ్ళీ చిగురిస్తుందేమోనని దుంపతో సహా తవ్వేశాను. ఆవిడ తిరిగొచ్చి చూసింది. వాడిన తీగంతా చుట్టగా చుట్టి, తనే మోసుకెళ్ళి బోదె కాలవ అవతల పారేసింది. సాయం పట్టబోతే నా చెయ్యి పక్కకు తోసేసింది. అప్పుడు కూడా నాకు జోకే తోచింది. "సాగనంపడానికి బ్యాండు పిలవనా?" అన్నాను. ఆవిడ కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జుకినీ ఆకులు గొడుగుల్లా లేచాయి. పూలూ పూశాయి. పిందెలు మాత్రం వేలెడు కాగానే కొస నుంచి కుళ్ళిపోయేవి. మగపువ్వు తుంచి ఆడపువ్వుకు రాయాలని వీడియోలో చూసి, రోజూ పొద్దున్నే వంగి వంగి రాశాను. నడుం పట్టేసింది. మూడు కాయలు దక్కాయి.

కోతల పండక్కి ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి చర్చిలో బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. మా ఆవిడ దొండకాయల బుట్టకు ఏటా పోటీ పడి పాడేవారని వినడమే గాని నేనెప్పుడూ చూడలేదు. ఈ ఏడు నా మూడు కాయలూ ఎత్తి పట్టుకుని సంఘపెద్ద అడిగారు.

"ఇవేం కాయలు బాబూ?"

"కువైట్‌లో కూసా అంటారండి. కడుపు తొలిచి కైమా కూరి వండుతారు."

"ఆయ్. అయితే పాడేవాళ్ళు కూడా కువైట్ నుంచే రావాలేమో, కాసేపు ఆగుదామా?"

అందరూ నవ్వారు. నలుగురినీ నవ్వించడం నాకు అలవాటే. ఆ నవ్వు మాత్రం నేను నవ్వించింది కాదు. ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు. ఎవరూ పాడలేదు. ఆడవాళ్ళ వైపు చూశాను. మా ఆవిడ పాటల పుస్తకం తెరిచి అందులోకి చూస్తోంది. చివరికి నా కాయలు నేనే పాడుకున్నాను.

ఇంటికి వస్తూ ఉండబట్టలేక అన్నాను: "నువ్వైనా ఓ మాట పాడొచ్చుగా? మనింటి కాయలేగా."

నడక ఆపకుండానే అంది: "మీరు ఊళ్ళో లేనన్నేళ్ళూ ఆ బల్ల మీద మనింటి కాయలున్నాయండి. మీరొచ్చిన ఏడే లేకుండా పోయేయి."