పొయ్యిలో వెయ్యని అచ్చు

మా తెలుగు సంఘం పదో ఏటి సంచికకు తొలి సంచిక ముఖచిత్రాన్నే మళ్లీ వెయ్యాలని కమిటీ అనుకుంది. "మీ బొమ్మే కదండీ, మీరు ఊఁ అంటే చాలు" అని ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. నేను ఊఁ అనలేకపోయాను. ఆ బొమ్మ నాది కాదు.

డెబ్బైల చివర్లో మేం జెర్సీ సిటీలో ఒక పాత ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటావిడ ఉండేవారు. డెబ్బై దగ్గరపడిన జర్మన్ మనిషి. మొదటి చలికాలం తన ఓవర్‌కోటు మా ఆవిడకు తొడిగి, తిరిగి పుచ్చుకోలేదు. మా అమ్మాయి పుట్టిన రోజు నేను ఆఫీసు పని మీద దేశానికి ఆ చివర సన్నీవేల్‌లో ఉంటే, ఆస్పత్రిలో మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆవిడే.

ఆవిడ చెక్క మీద బొమ్మలు చెక్కేవారు. సిరా పూసి, కాగితం పరిచి, చెక్క గరిటె వీపుతో రుద్ది అచ్చు తీసేవారు. కావలసినన్ని తీశాక ఆ సాయంత్రమే చెక్కను వంటగది పొయ్యిలో వేసేసేవారు. మొదటిసారి చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. మాది బందరు వైపు. అక్కడ బట్టల మీద అద్దే చెక్క అచ్చుల్ని తాతల నాటి నుంచి గుడ్డలో చుట్టి దాచుకుంటారు. ఆ మాటే ఆవిడతో అన్నాను.

"నాకు ఇలా అలవాటు" అన్నారు. పొయ్యి తలుపు మూసేశారు.

అప్పట్లో మాకు తెలుగు టైపు లేదు. సంచిక పేజీలన్నీ చేత్తో రాసి జిరాక్స్ తీసేవాళ్లం. ముఖచిత్రం వేసిపెట్టమని ఆవిడనే అడిగాను. ఆ రోజుల్లో మా ఆవిడ ఫైర్ ఎస్కేప్ ఇనప మెట్ల మీద పాత చీర పరిచి వడియాలు పెడుతుండేది. ఇంటావిడ పెరట్లో నిలబడి చూసి అదే చెక్కారు. సంచిక పేరు నేను పల్చటి కాగితం మీద రాసిస్తే, దాన్ని బోర్లించి, తనకు ఒక్క తెలుగు అక్షరం రాకపోయినా పొల్లు పోకుండా చెక్కారు.

"మీవాళ్లకు కోణాలంటే ఏం భయం?" అన్నారు. "అన్నీ గుండ్రమే. నా ఉలి తిరగలేక చస్తోంది."

ఉగాది సభ ఒక స్కూలు కెఫెటేరియాలో జరిగింది.

"కవర్ అదిరింది గురూ. ఎవరు డిజైన్ చేశారు?" అన్నాడొక మిత్రుడు.

"ఇంకెవరు, ఈయనే" అన్నారు ప్రెసిడెంటు గారు. "బందరు చెయ్యి. బొమ్మ కోసం వాళ్లావిడ చేత ఫ్రీగా వడియాలు కూడా పెట్టించుకున్నాడు, చూడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అయ్యేలోపు నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. కాసేపటికి మైకులో నా పేరు పిలిచి శాలువా కప్పారు.

 కార్‌లో ఇల్లు దగ్గరపడుతుండగా మా ఆవిడ అంది: "ఏమండీ, ఆ శాలువా ఇటివ్వండి. కింద ఆవిడకు కప్పాలి."

మర్నాడు పొద్దున్న శాలువా, నాలుగు లడ్డూలు పట్టుకుని ఆవిడ వంటగదికి వెళ్లాం. జరిగింది చెప్పాను. ఆవిడ లడ్డూ తుంచి నోట్లో వేసుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చారు.

వయసులో ఉండగా ఆవిడ జర్మనీలో నాజీలకు వ్యతిరేకంగా పంచే కరపత్రాలకు రహస్యంగా బొమ్మలు చెక్కేవారు. దొరికితే చావే కాబట్టి అచ్చు తీసిన రోజే చెక్క పొయ్యిలోకి వెళ్లేది. ఒకసారి ఆవిడ స్నేహితుడు కరపత్రాలతో పట్టుబడ్డాడు. బొమ్మ చెక్కిందెవరని అడిగితే తానేనన్నాడు. అతన్ని చంపేశారు.

"వాడికి పెన్సిల్ చెక్కడం కూడా సరిగా రాదు" అన్నారు ఆవిడ. నా వైపు చూశారు. "నా పని తనదని చెప్పినవాళ్లలో నువ్వు రెండోవాడివి. వాడికి తల పోయింది. నీకు శాలువా వచ్చింది."

ఆవిడ నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

అప్పుడు లోపలికి వెళ్లి గుడ్డలో చుట్టిన చెక్క ఒకటి తెచ్చారు. వడియాల అచ్చు.

"మీ ఊళ్లో దాచుకుంటారన్నావుగా. అందుకే ఇది కాల్చలేదు. తీసుకో."

వచ్చే సంచికలో సరిదిద్దుతానని మాటిచ్చాను.

"నా పేరు వెయ్యకు. ఎప్పుడూ వేసుకోలేదు. బొమ్మ నీది కాదని రాయి, చాలు" అన్నారు.

మరుసటి ఏడు సంచికకు సంపాదకుణ్ణి నేనే. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాయలేదు. ఆ తర్వాతా రాయలేదు. ఏటా కొత్త సంచిక చేతికిస్తే ఆవిడ గుండ్రటి అక్షరాల మీద వేలు తిప్పుతూ చూసుకునేవారు. దిద్దావా అని ఒక్కసారీ అడగలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకునే ఉంటానని ఆవిడ నమ్మకం. తెలుగు చదవలేరని నా ధైర్యం. ఆవిడ పోయి మూడేళ్లయింది.

ప్రెసిడెంటు గారికి తిరిగి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.  "మరి బొమ్మ వేసుకోవచ్చా?" అన్నారాయన. పాత కాపీ నుంచి వద్దు, అసలు అచ్చు నా దగ్గరుంది, నేనే తీసిస్తానన్నాను.

నిన్న వంటింటి బల్ల మీద చెక్కకు సిరా పూశాం. మా ఆవిడ చెక్క గరిటె తెచ్చింది. నేను రుద్దుతుంటే కాగితం కదలకుండా తను పట్టుకుంది. ఇనప మెట్లు, చీర, వడియాలు, ఒక్క గీతా చెదరకుండా వచ్చాయి. ఈసారి ముఖచిత్రం కింద బొమ్మ నాది కాదన్న ఒక్క వాక్యం ఉంటుంది, ఎవరి పేరూ ఉండదు. చెక్కను కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఆవిడ చుట్టిచ్చిన గుడ్డలోనే చుట్టిపెట్టాను.