ముగ్గులో మంచం

అమలాపురంలోని మా ఆఫీసుకు ఏటా ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి శిక్షణకు వస్తారు. గీయడం కాలేజీ నేర్పే పంపుతుంది. ఎదుటివాళ్లు అడ్డు చెప్పినప్పుడు ఏం చేస్తారో చూడాలని నాకు మహా కుతూహలం. నోరు మూసుకుని చూడడం మాత్రం నా వల్ల కాదు.

ఈసారి వచ్చిన అమ్మాయికి ఐనవిల్లి దగ్గర మూడు సెంట్లలో ఒక ఇల్లు అప్పగించాను. ఇంటావిడ టైలరు, భర్త కువైట్‌లో డ్రైవరు. తుంటి ఎముక విరిగిన అత్తగారు వాకర్ పట్టుకుని నడుస్తారు. ఆవిడ గదిని ఆనుకునే బాత్రూమ్ పెట్టింది ఈ అమ్మాయి. బాగా గీసింది. ఆ మాట నేను పైకి అనలేదు.

పునాది తవ్వే రోజు పొద్దున్న మేస్త్రి నేలమీద గదుల కొలతలకు ముగ్గు పోశాడు. ఇంటావిడ హాలు గీతల మధ్య నిలబడి మొహం చిన్నబుచ్చుకుంది.

"హాలు మరీ అగ్గిపెట్టంత ఉందండీ. రెండడుగులు అటు జరిపేయండి."

అటు ఉన్నది అత్తగారి గది. "ఆయ్, అలాగేనండి," అంటూ మా పిల్ల కాలితో గీత చెరిపి, కొత్త గీత పోయించేసింది. నాకు ఒళ్లు మండింది. ఆరుబయట ముగ్గు పోస్తే ఏ గదైనా చిన్నగానే కనిపిస్తుంది, గోడలు లేచాక పెద్దదవుతుంది. ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు. అది తెలియక నేను గీసిన మొదటి ఇంట్లో నేనూ ఇలాగే తలూపి ఒకరి వంటగది పాడుచేశాను.

పక్కకు పిలిచాను. "ఆ గదిలో ఇప్పుడు వాకర్ తిరుగుతుందా?"

"తిరగదండి."

"మరి చెప్పవేం?"

"ఆవిడ ఇల్లు కదండీ. కాదనడానికి నేనెవర్ని?"

"ఇన్నేళ్లు చదివింది ఎందుకమ్మా మరి?"

ఆ పిల్ల పక్కనే ఇంటావిడ వాళ్లుంటున్న అద్దె ఇంటికి వెళ్లి, మేస్త్రితో కలిసి మంచం మోసుకొచ్చి ఆ గది ముగ్గులో వేసి, అత్తగారిని కూడా పిలుచుకొచ్చింది.

"ఓసారి పడుకుని లేవండి మామ్మగారూ."

పెద్దావిడ లేచి వాకర్ తిప్పబోయింది. అది కొత్త గీత దాటిపోయింది. అమ్మాయి పాత గీత మళ్లీ పోసింది. ఈసారి వాకర్ తిరిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ బాత్రూమ్ గుమ్మం గీత దాకా నడిచి, కోడలి వైపు తిరిగింది.

"అయితే ఇక రాత్రిళ్లు నిన్ను లేపక్కర్లేదన్నమాట."

కోడలు కళ్లొత్తుకుంది. "హాలు అలాగే ఉండనివ్వండి," అంది.

మేస్త్రి అలవాటుగా నా వంక చూశాడు. అమ్మాయి నన్ను చూడకుండానే, "తవ్వండి," అంది.